చప్పటకు పావు చుట్టు తక్కువ

హార్లన్ టిబ్స్‌కి చెవులు సరిగ్గా వినపడవు. డెట్రాయిట్ తూర్పువైపు ఎవరినడిగినా ఈ మాట చెబుతారు, ఒక్క హార్లన్ తప్ప. కార్ల తలుపులు అచ్చుకొట్టే ప్రెస్సు పక్కన ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషి. ఆ ప్రెస్సు అతనికి జీతమిచ్చింది, పింఛనిచ్చింది, బదులుగా సన్నటి శబ్దాలన్నీ పట్టుకుపోయింది. పిచ్చుక కూత, పొయ్యి మీద కెటిల్ ఈల, అక్క ఒడెస్సా గొంతులో వెటకారం, ఈ మూడూ అతని దాకా రావు. మొదటి రెండూ పోతే పోయాయి. మూడోది వినపడకపోవడం మాత్రం అతని అదృష్టం.

అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నాలు మిస్ వర్నెల్ స్కేటింగ్ రింక్‌లో డీజే. నవ్వొస్తే నవ్వుకోండి, రింక్‌లో వాళ్లూ నవ్వుకున్నవాళ్లే. అయినా ఆ గాజుగదిలో కుర్చీ ఇరవయ్యేడేళ్లుగా అతనిదే. భార్య చనిపోయిన వారం కూడా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఇంట్లో కూర్చుంటే గోడలు పలకరించడం లేదని, ఇక్కడైతే జనం కనీసం తిడతారని అన్నాడు.

అతని పేరు నిలబెట్టింది పాటలు కాదు. పాటలు ఎవడైనా వేస్తాడు. తాకట్టు కొట్లో కొన్న ఒక పాత డ్రమ్ మెషీన్ ఉండేది అతని దగ్గర, బూడిద రంగు డబ్బా, పదహారు మీటలు. ఆదివారం సరిగ్గా అయిదింటికి రికార్డు ఆపేసి, ఆ డబ్బా ఒక్కదాన్నే నాలుగు నిమిషాలు మోగనిచ్చేవాడు. పాట లేదు, గొంతు లేదు, ఉత్త దరువు. అడుగున గుండెలా ఒక దెబ్బ, దాని మీద చప్పట. దాన్ని వాళ్లు ఖాళీ దరువు అనేవాళ్లు. యాభై దాటినవాళ్లంతా ఒకరి నడుము ఒకరు పట్టుకుని రైలు కట్టి, చక్రాల బూట్ల మీద చెక్క నేలంతా చుట్టేవాళ్లు. మలుపు దగ్గర చప్పట పడగానే పన్నెండు కుడికాళ్లు ఒకేసారి లేచి, ఆ చప్పట తోక సన్నగిల్లి ఆగేచోట ఒకేసారి దిగేవి. చూడ్డానికే ఊరి అవతలి నుంచి వచ్చేవాళ్లుండేవారు.

చెవుల మీద నమ్మకం లేనివాడికి కొలతల మీద భక్తి ఉంటుంది. ప్రతి ఏప్రిల్ మొదటి ఆదివారం, రింక్ తెరవకముందే హార్లన్ వచ్చి, మీటరు పెట్టుకుని, కంపెనీవాళ్లు ఇచ్చిన పుస్తకం తెరిచి, ఆ డబ్బాలో ప్రతి స్క్రూనీ అంకెకి తెచ్చేవాడు. తెచ్చి ఒక నోటుబుక్కులో రాసేవాడు. విచిత్రం ఏమిటంటే, ఏటా తప్పేది ఒక్కటే. వెనకవైపు రంధ్రంలో ఉన్న చప్పట స్క్రూ, ఏటా పావు చుట్టు కుడికి జరిగి ఉండేది.

ఇది ఎందుకు జరుగుతుందో అతను కనిపెట్టాడు కూడా. మంగలి షాపులో ఉపన్యాసమే ఇచ్చాడు.

"మిషిగన్ చలి. చలికి లోహం ముడుచుకుంటుంది, స్క్రూ కదులుతుంది."

"ఏటా సరిగ్గా పావు చుట్టేనా అన్నా?" అని అడిగాడు ఎమ్మెట్. రైలుకి ముందుండే మనిషి, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనవాడు.

"మన చలికి క్రమశిక్షణ ఎక్కువ," అన్నాడు హార్లన్.

ఎమ్మెట్ ముఖానికి సబ్బు నురగ ఉంది కనక నవ్వు బయటపడక బతికిపోయాడు.

జనవరిలో ఆ డబ్బా చచ్చిపోయింది. లోపలి చిప్ ఒకటి కాలిపోయింది, అది ఇప్పుడు ఎక్కడా తయారవదు. హార్లన్ మూడు రోజులు దాన్ని భోజనాల బల్ల మీద పెట్టుకుని, ఆస్పత్రిలో దగ్గరివాళ్ల మంచం పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆ ఆదివారం అయిదింటికి ఖాళీ దరువు లేదు. లామాంట్ అనే కుర్ర డీజే, శుక్రవారాలు వాయించేవాడు, ఫోన్లోంచి ఏదో దరువు వేసి చూశాడు. రైలు మొదటి మలుపులోనే పట్టాలు తప్పింది.

సోమవారం మిస్ వర్నెల్ పిలిచింది. డెబ్బై ఆరేళ్ల మనిషి, టికెట్ల కిటికీ వెనకనుంచే రాజ్యమేలుతుంది.

"చూడు హార్లన్, ఆదివారం జనం వచ్చేది ఆ నాలుగు నిమిషాల కోసం. అది లేకపోతే లామాంట్ శుక్రవారం తెచ్చే జనమే నాకు ఎక్కువ. మార్చి మొదటి వారం దాకా చూస్తా. ఆ తర్వాత కుర్చీ అతనికిస్తా. మనసులో పెట్టుకోకు."

"పెట్టుకుంటాను," అన్నాడు హార్లన్.

"పెట్టుకో, కాని పని చూడు."

అరవై మూడేళ్ల వయసులో అతను ఒక ల్యాప్‌టాప్ కొన్నాడు. శబ్దాన్ని రికార్డు చేసి పెట్టుకోవడం కాదు, డబ్బా బతికుండగా ఎవరూ రికార్డు చేయలేదు కూడా. లోపల ఏ ముక్క ఏం చేసేదో తెలుసు కనక, అదే పనిని కంప్యూటరు చేత చేయించాలి. అడుగు దెబ్బ ఒక్క సాయంత్రంలో వచ్చేసింది. నున్నటి శబ్దపు అలని పైనుంచి కిందికి జార్చి, టక్కున ఆపితే చాలు. దానికి ఛాతీ సాక్ష్యం చెబుతుంది, చెవులక్కర్లేదు.

చప్పట అలా లొంగలేదు. ముందు ఇసుక పోసినట్టుండే రొద పుట్టించాలి. దాన్ని జల్లెడ పట్టి నడిమి భాగం మాత్రం ఉంచాలి. దాన్ని మూడుసార్లు గబగబా కోసి, నాలుగోసారి వదిలేయాలి. ఒక చప్పటలో నాలుగు చప్పట్లుంటాయి, నలుగురు ఒకేసారి కొట్టబోయి కాస్త తప్పినట్టు. ఆ నాలుగోదే తోక. ఎంతసేపు లాగాలో నోటుబుక్కులో ఉంది, ఇరవయ్యేడు ఏప్రిళ్లు అదే అంకె. హార్లన్ ఆ అంకె ఎక్కించి, తెర మీద అల ఆకారాన్ని కొలిచి, పుస్తకంతో పోల్చి చూసుకున్నాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

ఒడెస్సా అప్పుడే పార్లర్లో గోళ్లు తీర్చే పని ముగించుకుని వచ్చింది. పక్కింట్లోనే ఉంటుంది, రోజూ తమ్ముడు తిన్నాడో లేదో చూసే సాకుతో తినిపోతుంది. రైలులో ఆమెది రెండో స్థానం, ఎమ్మెట్ నడుము పట్టుకునేది ఆమే.

"ఎలా ఉందక్కా?" అని వినిపించాడు.

ఆమె చెంచా నోటి దగ్గరే ఆపి విన్నది. "పుస్తకంలో ఉన్నట్టే ఉంది," అంది.

ఆ గొంతులో ఏముందో హార్లన్‌కి వినపడలేదు. మెచ్చుకుందనుకున్నాడు.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం అయిదింటికి రికార్డు ఆపి, ల్యాప్‌టాప్ మీట నొక్కాడు. రైలు కదిలింది. మలుపు దగ్గర చప్పట పడింది, పన్నెండు కాళ్లు లేచాయి, తోక మధ్యలోనే తెగిపోయింది. కొన్ని కాళ్లు దిగాయి, కొన్ని గాల్లోనే ఉండిపోయాయి, ఎమ్మెట్ వెళ్లి పాప్‌కార్న్ బండిని కౌగిలించుకున్నాడు.

గాజుగది ముందు జనం మూగారు.

"చప్పట కొట్టినట్టు లేదన్నా, చెంప మీద కొట్టినట్టుంది."

"కాలు దించే లోపల అయిపోతోంది. మాకు మోకాళ్లున్నాయి, స్విచ్చులు కాదు."

"నెల రోజులు కూర్చుని చేసింది ఇదేనా? మా మనవడు నోటితో ఇంతకన్నా బాగా అంటాడు."

హార్లన్ నోటుబుక్కు ఎత్తి చూపించాడు. "అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. తప్పు మీ కాళ్లది. నెల రోజులుగా వాడక తుప్పుపట్టాయి."

"అంకెలు చూపించకు," అన్నాడు ఎమ్మెట్ మోచేతికి అంటిన వెన్న తుడుచుకుంటూ. తర్వాత ఒడెస్సా వైపు, ఆమె భుజాన ఉన్న సంచి వైపు చూశాడు. "ఇంక నువ్వే చెప్పాలమ్మా."

ఆమె సంచి జిప్పు బిగించుకుని నీళ్లు తాగే నెపంతో వెళ్లిపోయింది. మిస్ వర్నెల్ కిటికీలోంచి ఒక్క వేలు చూపించింది. ఒకే ఒక ఆదివారం మిగిలింది.

గురువారం మధ్యాహ్నం ఒడెస్సా వచ్చేసరికి హార్లన్ నోటుబుక్కు ముందు పెట్టుకుని, ఒక్కో పేజీ మీద వేలు పెట్టి చదువుతున్నాడు. గడ్డం గీసుకోలేదు. పొయ్యి మీద ఆకుకూర మాడిపోతోంది.

"అన్నీ సరిపోయాయక్కా. ప్రతి ఏడూ అదే అంకె. అయినా కాదంటున్నారు. అంటే చెవులు పోయింది నాకే కదా. లామాంట్‌కి ఇచ్చేస్తాను కుర్చీ. ఆదివారం దాకా ఎందుకు, రేపే చెబుతాను."

ఒడెస్సా పొయ్యి ఆపింది. సంచిలోంచి గోళ్లు అరగదీసే ఇనుప రేకు తీసి, తెరిచి ఉన్న నోటుబుక్కు మీద పెట్టింది. దాని కొస అరిగి, చదునుగా, స్క్రూ తిప్పే పనిముట్టులా ఉంది.

"ఏమిటిది?"

"మిషిగన్ చలి," అంది ఒడెస్సా.

అతనికి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. ఆమె కూర్చుని చెప్పింది. డబ్బా తాకట్టు కొట్లోంచి వచ్చినప్పుడే ఆ స్క్రూ పక్కకి జరిగి ఉంది, తోక పొడుగ్గా ఉండేది. దాని మీదే వాళ్లు రైలు అడుగు కట్టుకున్నారు. మొదటి ఏప్రిల్‌లో అతను దాన్ని బాగుచేశాడు. ఆ రోజే రైలు బోల్తాపడి ఎమ్మెట్ మణికట్టు బెణికింది. నేలకి మైనం ఎక్కువ రాశారని హార్లన్ తిట్టాడు. అతను కోనీ, అదే మాంసం కూర పోసిన సాసేజ్ బన్ను, తినడానికి వెళ్లినప్పుడు ఆమె గదిలోకి దూరి, రేకుతో పావు చుట్టు తిప్పేసింది.

"నాతో చెప్పొచ్చు కదా."

"చెప్పానురా. పుస్తకం తీశావు. రెండో ఏడూ చెప్పాను, మళ్లీ పుస్తకం తీశావు. మూడో ఏడునుంచి నోరు కట్టేసుకుని ఉత్త చెయ్యే వాడాను."

"ఇరవయ్యేడేళ్లా?"

"ఇరవయ్యారు. ఒక ఏడు నాకు జ్వరమొస్తే ఎమ్మెట్ తిప్పాడు."

"ఎమ్మెట్‌కి తెలుసా?"

"రింకంతటికీ తెలుసు. మంగలికి కూడా."

హార్లన్ ఆ రేకు పక్కన పెట్టి నోటుబుక్కు మూశాడు. తర్వాత, "అయితే ఇన్నేళ్లూ నేను వాయించింది నాది కాదన్నమాట," అన్నాడు.

"దరువు నీదే. తోకే మాది," అంది ఒడెస్సా. "లేచి ఆ కంప్యూటరు పెట్టె తెరువు. కుర్చీ పోతే ఆదివారాలు నువ్వు నా ఇంట్లో కూర్చుంటావు. నేను భరించలేను."

తెరిచాడు. కాని కంప్యూటరులో స్క్రూ లేదు, అంకె ఉంది. రేకుతో పావు చుట్టంటే ఎంత అంకో ఆమెకి తెలియదు, ఎంత తోకో అతనికి వినపడదు. కుంటివాడు దారి చూపించి గుడ్డివాడు బండి తోలినట్టుంది వ్యవహారం. చివరికి ఒడెస్సా చెప్పులు విడిచి, మేజోళ్లతో వంటగది నేల మీద నిలబడింది. "వెయ్యి," అంది.

అతను చప్పట వేశాడు. ఆమె ఫ్రిజ్ దగ్గర కాలెత్తి సింకు వైపు జారింది. సగంలో ఆగి తల అడ్డంగా ఊపింది. అతను అంకె పెంచాడు. మళ్లీ జారింది. మళ్లీ పెంచాడు. పదో, పదిహేనోసారి, అరవై ఏడేళ్ల కుడికాలు సింకు కింద పరిచిన పట్టా అంచున మెత్తగా దిగింది. ఆమె కళ్లు మూసుకునే ఉంది.

"అక్కడ," అంది.

హార్లన్ ఆ కాలి వైపే చూస్తున్నాడు. తన చప్పట ఎక్కడ ముగుస్తుందో ఇన్నేళ్లలో అతనికి మొదటిసారి కనపడింది. "ఇంకోసారి జారు," అన్నాడు.

"సరిపోయిందన్నానుగా."

"తెలుసు. ఇంకోసారి జారు."

మార్చి మొదటి ఆదివారం అయిదింటికి రైలు మలుపు తిరిగింది. పన్నెండు కాళ్లు లేచాయి, పన్నెండూ ఒకేసారి దిగాయి. హార్లన్ ల్యాప్‌టాప్ వంక చూడలేదు, మీటరు వంక చూడలేదు, గాజుకి ముక్కు ఆనించి నాలుగు నిమిషాలూ కాళ్లే చూశాడు. లామాంట్ వచ్చి, "పెద్దాయనా, ఆ చప్పట నాకూ కొంచెం ఇస్తావా, శుక్రవారానికి?" అని అడిగాడు.

"ముందు ఒక అక్కని వెతుక్కో," అన్నాడు హార్లన్.

మిస్ వర్నెల్ కిటికీలోంచి చూసి, మళ్లీ టికెట్లు చింపుకోవడంలో పడింది. ఆమె దగ్గర అంతకు మించిన మెచ్చుకోలు దొరకదు.

ఏప్రిల్ మొదటి ఆదివారం రింక్ తెరవకముందే హార్లన్ వచ్చాడు. పుస్తకం తెరిచాడు. ల్యాప్‌టాప్‌లో చప్పట తోకని పుస్తకంలో ఉన్న అంకెకి తెచ్చి, తేదీ వేసి నోటుబుక్కులో రాశాడు. కట్టుబాటు కట్టుబాటే. పెట్టె మూత మూయకుండా, గది తాళం వేయకుండా, ఎదురుగా ఉన్న తిండి కొట్టు దగ్గరికి వెళ్లి, గాజుగదికి వీపు పెట్టి కూర్చుని కోనీ తెప్పించుకున్నాడు. మామూలుగా నాలుగు కొరుకుల్లో అయిపోయే తిండి అది. ఎమ్మెట్ వచ్చి పక్కన కూర్చునేసరికి సగం కూడా తినలేదు.

"ఏంటన్నా, ఆకలి లేదా?"

"ఈ ఏడు చలి బాగా పడింది," అన్నాడు హార్లన్. వెనక్కి తిరగకుండా, ఇంకో కోనీ తెమ్మని చెప్పాడు.