ఇవ్వని చెంబెడు నీళ్లు

అరకులో టీచరుగా చేసిన రోజుల్లో నా అద్దె ఇంటికి రెండు గదులు. మనిషిని ఒక్కదాన్నే. సాయంత్రం బడి నుంచి వచ్చాక మర్నాడు అటెండెన్సు పిలిచేదాకా నా గొంతు నాకే వినపడేది కాదు. అబద్ధమెందుకు, ఆ ఒంటరితనం నన్ను కొరుక్కు తినేది.

అప్పుడే ఊళ్లో నెట్ సెంటర్ పెట్టారు. కష్టంలో ఉన్నవాళ్లకి ఉచితంగా తలదాచుకునే చోటు చూపించే వెబ్‌సైటు ఒకటుందని పేపర్లో చదివి, నా రెండో గదిని అందులో పెట్టించాను. ఆ ఫారమ్‌లో ప్రశ్నలు చూడాలి! లిఫ్టు ఉందా, పెంపుడు జంతువులను రానిస్తారా అని. బల్లులు ఆల్రెడీ ఉన్నాయని రాయమంటే నెట్ సెంటరాయన ఒకటే నవ్వు. గదిలో మంచం వేసి, కొత్త దుప్పటి పరిచి, బళ్లో అందరికీ చాటింపు వేశాను. ఆపైన రోజూ వెళ్లి ఎవరైనా రాశారా అని చూడటమే పని. ఎవరూ రాయలేదు.

ఆ ఏడాది వానలు వారంపాటు వదల్లేదు. కొండచరియలు విరిగిపడి ఇళ్లు పోయాయని ఆదివారం పొద్దున టీవీలో చెప్పారు. ఇవాళ తప్పకుండా ఎవరో రాసుంటారని గొడుగు పట్టుకుని బయల్దేరాను. బస్సు కోసం జనం ఆగే మా ఇంటి అరుగు మీద ఒకామె కూర్చుని ఉంది. కొండ మనిషి. ఒళ్లో దగ్గుతున్న పిల్ల, పక్కన తడిసిన మూట.

"కూర్చోమ్మా, వాన తగ్గాక వెళ్దువుగాని" అన్నాను. ఆమె నా మొహంకేసి చూసింది. ఏమీ అడగలేదు. నేను తలుపుకి తాళం వేసి వెళ్లాను.

నెట్ సెంటర్లో కరెంటు కోసం గంటసేపు కాచుకున్నాను. పేజీ తెరుచుకుంది. ఏమీ లేదు. ఉసూరుమంటూ తిరిగొచ్చేసరికి అరుగు మీదా ఎవరూ లేరు.

మర్నాడు మా బడి వంటామె అడిగింది.

"ఆ గుంటకి దగ్గు తగ్గినాదా అమ్మా? కొండ జారి ఆల ఇల్లు పోనాది. మేడమ్ గారింట్లో గదుంది, ఎల్లమని నానే అంపినాను."

"నన్నేమీ అడగలేదే!"

"అడుగుతారేటమ్మా? మావోళ్లు వచ్చి అరుగు మీద కూకుంటారు. ఇంటోళ్లు సెంబుతో నీళ్లిత్తే ఉండమన్నట్టు. నీళ్లిచ్చినారా?"

ఇవ్వలేదు. పైగా ఆమె కళ్లముందే తాళం వేశాను. ఛీ, నా చదువు తగలెయ్య! ఆ సాయంత్రం బస్టాండూ స్టేషనూ గాలించాను. పిల్లని ఎత్తుకుని ఒడిశా రోడ్డు పట్టుకు నడిచిపోయిందని టీకొట్టతను చెప్పాడు. మళ్లీ ఆమె కనపడలేదు.

బదిలీ అయ్యేదాకా నా అరుగు మీద ఎవరు కూర్చున్నా పరుగెత్తుకెళ్లి చెంబుతో నీళ్లు పెట్టాను. వాళ్లు గటగటా తాగి, బస్సు రాగానే వెళ్లిపోయేవారు.