భీమిలిలో అమ్మ అందెలు

అమ్మ పోయాక నాకు కలలోకైనా రాలేదు. వస్తుందని నేను ఎదురుచూడలేదు కూడా. చనిపోయినవాళ్ళు తిరిగొస్తారంటే నమ్మే మనిషిని కాను. ఇది మాత్రం పట్టపగలు, మా అప్పతో, అంటే అక్కతో కలిసి, నా కళ్ళతో చూసింది.

మాది హుకుంపేట దగ్గర కొండ ఊరు. మనిషి పోతే వాడుకున్న వస్తువులు సమాధి మీదే ఉంచడం మా పద్ధతి. ఇంటికి తెచ్చుకోం. అవి ఇంకా వాళ్ళవే. అమ్మ సమాధి మీద ఆమె ఇత్తడి అందెలు పెట్టాం. ఏడాది తిరిగేసరికి మాయమయ్యాయి.

తొంభైల చివర్లో అప్పా నేనూ భీమిలి చూడ్డానికి వెళ్ళాం. పాత రేవు, లైట్‌హౌస్, డచ్చివాళ్ళ సమాధులు. వాటి చుట్టూ గోడ, గేటు.

"పరాయోల్ని ఎంత బాగా సూసుకుంతన్నారో" అంది అప్ప.

దగ్గర్లో ఒకాయన సొంతంగా నడిపే ప్రదర్శనశాల ఉంది. ఓడ లంగర్లు, పింగాణీ సామాన్లు దాటాక, అద్దాల వెనక మా కొండల థింసా నాట్యం ఆడుతున్న ప్లాస్టర్ బొమ్మలు. మధ్య బొమ్మ కాళ్ళకు అమ్మ అందెలు. ఒకటి విరిగితే అమ్మ రాగితీగ చుట్టుకుంది. ఆ తీగ అలాగే ఉంది.

ఆ బొమ్మ పాదాలకు తడి మట్టి. అందులో అమ్మ కొండచేలో వేసే సామ పంట మొలకలు, పచ్చగా.

ఊడుస్తున్న ఆవిడ విసుక్కుంది. "ఈ అద్దాల తాళం అయ్యగారి కాడే. తెరిపించి తుడిసిన పెతిసారీ మళ్ళీ ఇదే. ఈ బొమ్మ గుంట సేలో కలుపు తియ్యడానికి పోతందేటో!"

"గుంట కాదు. మాయమ్మ" అంది అప్ప.

యజమాని వచ్చాడు. అందెలు మా అమ్మవని చెప్పాను.

"అడవిలో పారేసినవి మాస్టారూ. కాపాడినందుకు మీరే నాకు థాంక్స్ చెప్పాలి" అని నవ్వాడు.

"మీ అమ్మ గోరీ మీద సెయ్యెడితే ఇలాగే నవ్వుతావేటి?" అప్ప అరిచింది.

చట్టం గురించి మాట్లాడాను. వినలేదు. బయటకు నడవమన్నాడు.

అప్పుడు ఊడ్చే ఆవిడ మెల్లగా అంది. "పొద్దున్నే తవరి ఎదురుగానే తుడిసినాను గదా బాబూ. సూడండి."

చూశాడు. తాళం తీసి వేలితో ముట్టుకున్నాడు. మట్టి వేలికి అంటింది. అందెలు తీసి అప్ప చేతిలో పెట్టి, "మళ్ళీ రాకండి" అన్నాడు.

వాటిని అమ్మ దగ్గరే పెట్టాం. తాళం వేసిన అద్దాల వెనక్కి ఆ మట్టి ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు.

ఆ యజమాని భయపడ్డాడు కాబట్టి ఇచ్చాడు. పక్క బొమ్మల అందెలు ఎవరి సమాధులవని అప్పుడే అడిగితే, అద్దాలకు మళ్ళీ తాళం వేసేశాడు. వాటి పాదాలకు మట్టి లేదు.