గంటకీ గంటకీ మధ్య నాలుగు నిమిషాలు

మా బడిలో ఐదో తరగతి పిల్లలకు తాళం తీయడం నేర్పేది రొవీనా థిబోడో. ఆమె టీచర్ కాదు, టీచర్‌నైన నాకు సహాయకురాలు. ఇరవై రెండేళ్లుగా ప్రతి మే నెలలోనూ ఒక టబ్బు నిండా అంకెల తాళాలు మోసుకొచ్చేది. వ్యాయామశాల నేల మీద తెల్ల టేపుతో మిడిల్ స్కూల్ వరండాలు గీసేది. ఆరో తరగతికి అక్కడికి వెళ్లే పిల్లలు రోజుకి ఏడు గదులు మారాలి. గంటకీ గంటకీ మధ్య నాలుగు నిమిషాలు. ఆలోపే అంకెల తాళమున్న లాకర్ తీసి పుస్తకాలు మార్చుకోవాలి. మూడుసార్లు ఆలస్యమైతే బడి వదిలాక గంటసేపు కూర్చోబెడతారు.

స్టాప్‌వాచ్ పట్టుకుని రొవీనా అరిచేది. "పరిగెత్తకు, నడు! ఏం బాబూ, మీ తాతతో వాకింగుకొచ్చావా?"

పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు.

ఆమె తర్ఫీదు ఇచ్చినవాళ్లలో కోరలీ అనే పిల్ల అందరికంటే చురుకు. కళ్లు మూసుకుని తాళం తీసేది. ఆ పిల్ల ఆరో తరగతికి వెళ్లిన ఏడాది ఫిబ్రవరిలో జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. రొవీనా చూసొచ్చి, మర్నాడు నా గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"మూత్రంలో ఇన్ఫెక్షనట. కిడ్నీ దాకా పాకింది. పొద్దుటి నుంచి బడి వదిలేదాకా ఆ పిల్ల చుక్క నీళ్లు తాగదు. ఎందుకో తెలుసా?"

"ఎందుకు?"

"తాగితే బాత్రూముకి వెళ్లాలి. వెళ్తే ఆలస్యం. సెప్టెంబర్ నుంచి ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదని నాతో చెప్పుకుంది. నేను మెచ్చుకుంటానని చెప్పింది!"

"క్లాసులో అడగొచ్చుగా?"

"అడిగితే, క్లాసుల మధ్య ఎందుకు వెళ్లలేదంటారు. బాత్రూముకి వెళ్లడానికి నెలకి మూడు చీటీలిస్తారట, అంతే. ఉచ్చకి కూడా రేషన్ పెట్టారు!"

శనివారం బాస్కెట్‌బాల్ ఆట కోసం మిడిల్ స్కూల్ తెరిచినప్పుడు రొవీనా పుస్తకాల సంచి తగిలించుకుని తనే నడిచి చూసింది. గది, లాకర్, బాత్రూము, మళ్లీ గది. ఏడు నిమిషాలు.

"నేనంటే ముసలిదాన్ని. మా మనవరాల్నీ నడిపించా. ఐదున్నర. అదీ వరండాలో నరపురుగు లేనప్పుడు."

"పిల్లలు మెల్లగా అలవాటు పడతార్లే, రొవీనా" అన్నాను.

ఆమె నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

"అలవాటు చేసింది నేనే. ఆ నాలుగు నిమిషాల్లో పట్టేలా పిల్లల్ని కత్తిరించాను, ఇరవై రెండేళ్లు. ఈ ఏడాది నలభై మూడు మందిని పంపాలి."

ఏప్రిల్‌లో, ఆరో తరగతిలో చేరబోయే పిల్లల తల్లిదండ్రులకి మిడిల్ స్కూల్ వాళ్లు సభ పెట్టారు. అక్కడి ప్రిన్సిపాల్ హాస్కెల్ క్రమశిక్షణ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి, ప్రశ్నలున్నాయా అన్నాడు. రొవీనా లేచింది.

"మీరు బాత్రూముకి ఎవర్నడిగి వెళ్తారండీ?"

జనం నవ్వారు. హాస్కెల్ కూడా నవ్వాడు.

"చూడండమ్మా, మా టైమ్‌టేబుల్ బస్సులతో ముడిపడి ఉంది. ఒక్క నిమిషం కదిపినా జిల్లా అంతా కదపాలి. పిల్లలంటారా, రెండు వారాల్లో అలవాటు పడిపోతారు."

"అలవాటు పడ్డ పిల్ల ఆసుపత్రిలో పడింది."

హాస్కెల్ కాగితాలు సర్దుకుని, "తర్వాతి ప్రశ్న" అన్నాడు.

మర్నాడు మా ప్రిన్సిపాల్ ఆమెని పిలిచి, నీ పని తాళాల వరకే అని చెప్పింది. ఆమె ఆ హద్దు దాటకుండా చూడమని నాకు విడిగా చెప్పింది.

మే నెలలో రొవీనా పిల్లలందర్నీ వ్యాయామశాలలో నిలబెట్టింది. తాళాల పని గంటలో ముగించి, "ఇప్పుడు ఇంకో పాఠం. నా వెనకే చెప్పండి. నాకు బాత్రూముకి వెళ్లాలి. ఇప్పుడే వెళ్లాలి" అంది.

పిల్లలు కిసకిస నవ్వుతూ గొణిగారు.

"నాకు చెవుడు. గట్టిగా!"

ఈసారి పైకప్పు అదిరింది. ముందు వరుసలో ఒక పిల్ల చెయ్యెత్తింది. "అలా అంటే ఆలస్యం చీటీ రాస్తారు కదా?"

"రాయనీ తల్లీ. ఆ చీటీ మీ అమ్మకివ్వు. అమ్మని నాకు ఫోన్ చెయ్యమను."

బోర్డు మీద తన నంబరు రాసింది. నలభై మూడు మంది రాసుకున్నారు. ఆపాల్సిన నేను తలుపు దగ్గర నిలబడి ఊరుకున్నాను. అంతకు ముందు అన్నేళ్లూ ఊరుకున్నాను గానీ, ఊరుకుని సిగ్గుపడనిది అదొక్కసారే.

సెప్టెంబర్ మొదటి రెండు వారాల్లో ఆమెకి ముప్పై ఒక్క ఫోన్లొచ్చాయి. ఆ తల్లులందర్నీ వెంటబెట్టుకుని విద్యా మండలి సమావేశానికి వెళ్లింది. ఎవరి పిల్లల ఆలస్యం చీటీ వాళ్లే చదివారు. అక్టోబర్ మధ్యకల్లా నాలుగు నిమిషాలు ఆరయ్యాయి. బాత్రూము చీటీల లెక్క తీసేశారు.

హాస్కెల్ ఇంటింటికీ ఉత్తరం పంపాడు. నేనొక ప్రతి తెచ్చి రొవీనాకి చూపించాను. విద్యార్థుల ఆరోగ్యమే తమకు మొదటి నుంచీ ముఖ్యమని ఉంది అందులో.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఏ మొదటి నుంచి?" అంది.