జపానుకు ప్రయాణం కట్టిన మా పెద్దమ్మ

సూర్యాపేటలో మా పక్కింటి పెద్దమ్మ జ్వరంతో పోయిందని మొన్న సోమవారం మిర్యాలగూడలో నాకు కబురందింది. నేను ఇక్కడి బడికి బదిలీ అయి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. పోయిన నెల సూర్యాపేట వెళ్లినప్పుడు, జపాను ప్రయాణానికని కుట్టించుకున్న కొత్త చెప్పులు చూపించింది. అంతకుముందు ఆమె చెప్పులు తొడిగి ఎరగదు. ఇక్కడ తొడిగితే అరుగుతాయని మళ్లీ కాగితంలో చుట్టి అటక మీద పెట్టింది. అందుకే కబురు వినగానే దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో తెలియదు.

ఆమెది కోదాడ. పుట్టిల్లు, అత్తిల్లు తప్ప మూడో ఊళ్లో నిద్ర చేయలేదు. పెద్దనాయన పటాలంలో వంటవాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఏడాదిపాటు జపానులో దిగిన మన పటాలానికి వండిపెట్టి వచ్చాడు. ఊళ్ల మీద దాడుల భయంతో సాయంత్రమైతే తలుపులు బిగించుకునే ఆ గడబిడ రోజుల్లో ఆయన చెప్పే ముచ్చట్లు వినీ వినీ, ఆ దేశం చూసి తీరాలని ఆమె పట్టుబట్టింది. తీర్థయాత్ర కాదు, చుట్టాల పెళ్లి కాదు, ఊరికే చూసి రావడానికి. ఆకు కనపడకుండా చెట్లు పూసే రోజుల్లోనే వెళ్లాలట. మంచుకొండ ఎదుట కూర్చుని ఒక పూట అన్నం తినాలట.

అక్కడ రెండు పుల్లలతో తింటారని తెలిసి కందికట్టె చెక్కించుకుంది. మెతుకులు జారిపోతున్నాయని అన్నం మెత్తగా వండేది. పెద్దనాయన నెల రోజులు ఆ ముద్దే నోరెత్తకుండా తిన్నాడు. చేపలు పచ్చివే తింటారట, ఏం చేస్తావని నేను ఆటపట్టిస్తే, మనం పచ్చిపులుసు తాగడం లేదా, ఇంత చింతపండు పట్టుకుపోతానంది.

అన్నిటికన్నా ఆమెకు నచ్చింది చెప్పుల సంగతి. వచ్చినవాళ్లు విడిచిన చెప్పుల్ని అక్కడ ఇంటివాళ్లు వీధివైపు తిప్పి పెడతారట, వెళ్లేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా. అది విన్న మర్నాటి నుంచే ఆమే అలా తిప్పిపెట్టడం మొదలుపెట్టింది. నా చెప్పులు అలా కనబడేసరికి, లేచి పొమ్మంటోందనుకుని రెండు వారాలు ఆ గడప తొక్కలేదు. చివరికి ఆమే మా ఇంటికొచ్చింది.

"పొమ్మని కాదు బిడ్డా. వచ్చేటోళ్లకు అందరం మర్యాద జేస్తం. పోయేటోళ్లకు గూడ జెయ్యాలె గద."

పెద్దదై ఉండి నా చెప్పులు ముట్టుకుందన్న సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

జపాను వెళ్లనివ్వమని పెద్దనాయన పెట్టిన అర్జీకి జవాబొచ్చింది. ఊరికే చూడవచ్చేవాళ్లను ఇప్పుడప్పుడే రానివ్వరని. ఆ కాగితం నాతో రెండుసార్లు చదివించుకుని, "ఇప్పుడప్పుడే అన్నరు. అసలుకే రావొద్దనలేదుగా" అని పుల్లలు పట్టుకుని అన్నం ముందు కూర్చుంది. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

సోమవారం నేను చేరేసరికి ఆమెను ఇంకా తీసుకెళ్లలేదు. గుమ్మం ముందు చెప్పులన్నీ ఇంటివైపు తిరిగి, చిందరవందరగా ఉన్నాయి. లోపలికి పోబుద్ధి కాక అక్కడే కూర్చుని ఒక్కో జతా వీధివైపు తిప్పసాగాను. పెద్దనాయన చాలాసేపు చూశాడు. లోపలికి వెళ్లి అటక మీది కాగితపు పొట్లం తెచ్చి విప్పాడు. ఆ కొత్త చెప్పుల్ని అన్నిటికంటే ముందు పెట్టి, వీధివైపు తిప్పాడు.