మగ్గం కొలతకు ఇల్లు

శైలజ చేయి మగ్గం గుంతలో భుజం దాకా దిగింది. టేపు కొసను గుంత అడుగున బొటనవేలితో నొక్కిపట్టి, పైన అంకె చదివింది. రెండు అడుగుల మూడు అంగుళాలు. తర్వాత గుంత గోడను గీకి, ఆ మట్టిని పిడికిట్లో నొక్కింది. చల్లగా ఉంది. పిడికిలి విప్పినా ముద్ద విడిపోలేదు.

"గీ పని మూడు వారాల కిందనే చెయ్యాల్సింది కాకా. తప్పు నాదే," అంది.

"నువ్వు అడుగుతె నేను చెప్పకపోదునా బిడ్డా?" అన్నాడు సిద్ధయ్య, మగ్గం మీంచి లేవకుండానే.

సిద్ధయ్యకు అరవై మూడేళ్లు. సిద్దిపేటలో గొల్లభామ చీర నేసే కొద్దిమందిలో ఒకడు. అతనూ భార్య బాలవ్వా ముప్పై ఏళ్లుగా కిరాయికి ఉంటున్న పెంకుటిల్లును ఓనరు కూలగొట్టి షాపులు కట్టుకుంటానన్నాడు. నెలన్నరలో ఖాళీ చేయాలి. చంద్లాపూర్ తోవలో ఒక జాగ కిరాయికి దొరికింది కానీ, అయిదేళ్లకు లేవమంటే లేవాలి. అందుకే విప్పుకొని పోయి ఇంకోచోట బిగించుకునే ఇల్లు కావాలని శైలజ దగ్గరికి వచ్చారు.

శైలజ ఏడో తరగతితో బడి మానేసి తండ్రి వెల్డింగ్ షాపులో మంచాలు అతకడం నేర్చుకుంది. తర్వాత షట్టర్లు, రేకుల షెడ్లు. కాలువ పనులకు వచ్చిన కూలీల కోసం రేకుల గదులు చేసినప్పుడు, ఎండాకాలం వాళ్లు ఆ గదులు వదిలి లారీ కింద పడుకోవడం చూసింది. తను చేసిన గదిలో మనిషి ఉండలేకపోవడం ఆమెకు సిగ్గుగా తోచింది. అప్పటినుంచి చిన్న ఇళ్లు మొదలుపెట్టింది. కంప్యూటర్ రాదు. షాపు నేల మీద సుద్దముక్కతో ఇంటిని అసలు కొలతలోనే గీస్తుంది. గీసిన గదిలో పడుకొని, లేచి, పొయ్యి దగ్గరికి నడిచి చూసుకున్నాకే పైపు కోస్తుంది.

సిద్ధయ్య ఇంటిని మాత్రం మూడు వారాల కింద, మగ్గం చూడకుండానే అలవాటు కొద్దీ గీసింది. నేలకు అడుగున్నర ఎత్తున సిమెంటు పలకల ఫ్లోరు, గోడలకూ కప్పుకూ వేడి దిగకుండా లోపల థర్మాకోల్ వేసిన రేకు. కిరాయి జాగలో మగ్గం గది తయారయ్యాక సిద్ధయ్య వచ్చి చూశాడు. సంచిలోంచి చిలపగా చుట్టిన నూలు తీసి లోపల వేలాడదీసి, మిట్టమధ్యాహ్నం దాకా బయట కూర్చున్నాడు. తర్వాత వచ్చి ఒక పోగు లాగితే టక్కున తెగింది. గుంత మగ్గానికి కింది మట్టి తేమే ప్రాణం. గాలి పొడిబారితే పడుగు పోగులు నిలవవు, తెగిపోతాయి.

ఆ సాయంత్రమే ఆమె బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. బాలవ్వ తమ్ముడు నరహరి అక్కడికొచ్చి నిలబడ్డాడు. అతను స్లాబు ఇళ్లు కట్టే మేస్త్రీ.

"డబ్బా ఇల్లు వద్దని ముందుగల్లనే చెప్పిన. బావకు ఫంక్షన్ హాల్ల వాచ్‌మన్ కొలువు మాట్లాడి పెట్టిన. మగ్గం విప్పి అమ్ముకొమ్మను. గిది ఇల్లా, బస్టాపా?"

"నరహరన్నా, గా మూల పట్టు. మాట్లాడుకుంటనే మొయ్యొచ్చు," అంది శైలజ.

అతను పట్టక తప్పలేదు. ఇద్దరూ కలిసి రేకును అవతల పెట్టారు.

పెంకుటింట్లో గుంత కొలుచుకొచ్చాక, కొత్త ఇంటిని ఆమె ముందు మగ్గం, తర్వాత దాని చుట్టూ గది అన్నట్టు గీసింది. పడుగు సాగే పొడవు, సిద్ధయ్య మోచేతులు ఆడే వెడల్పు, బాలవ్వ కండెలు చుట్టే చోటు. పొడవు పదహారు అడుగులు, వెడల్పు పది అడుగులు. ఆ గదికి ఫ్లోరు లేదు, నేల నేలలాగే ఉంటుంది. ఇనుప చట్రాలు బోల్టులతో బిగుస్తాయి. వాటి మధ్య వెదురు తడకలు, తడకల మీద గడ్డి కలిపిన మట్టి పూత. ఇల్లు విప్పాల్సి వచ్చినప్పుడు మట్టి రాల్చేసి తడకలు తీసుకుపోవచ్చు, మట్టి ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. పైన రేకు, దానికి ఒక అడుగు కింద మట్టి పూసిన ఇంకో తడక. రెండింటి మధ్యనుంచి వేడి బయటికి పోతుంది. మగ్గం మీద నీడ పడకుండా ఉత్తరం వైపు కిటికీ.

ఖాళీ చేయడానికి ఆరు రోజులుందనగా ఇల్లు నిలబడింది. గుంత తవ్వి, మగ్గం దించి, పడుగు ఎక్కించేసరికి నాలుగు రోజులు పోయాయి. అయిదో రోజు పొద్దున పదింటికి సిద్ధయ్య గుంతలో కాళ్లు పెట్టాడు. బయట ఏప్రిల్ ఎండ. పోగులు నిలవకపోతే మర్నాడు మగ్గం అమ్మకానికే. నరహరి కూడా వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. శైలజ నిలబడే ఉంది. పోగుల మధ్య నాడె అటూ ఇటూ ఆడుతూనే ఉంది.

ఒంటిగంటకు ఒక పోగు తెగింది.

"చూసిన్రా? తెగింది!" నరహరి లేచాడు.

సిద్ధయ్య ముడి వేసి మళ్లీ నేశాడు. నాలుగింటికి కాళ్లు బయటికి తీశాడు. అంతవరకూ తెగింది అదొక్కటే.

"పెంకుటింట్ల దినాం నాలుగు తెగుతుండె. వాచ్‌మన్ కొలువు నువ్వే చేసుకో నరహరీ. నీకు కూసునుడు మంచిగ వస్తది," అన్నాడు.

బాలవ్వ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

శైలజ ఎవరికైనా ఇల్లు అప్పజెప్పే పద్ధతి ఒకటుంది. పదిహేడు నంబరు పానా బాలవ్వ చేతికిచ్చి, వంటగది పక్కన పూత లేని తడకను చూపించింది.

"విప్పి మళ్ల బిగియ్యి చిన్నమ్మా. నీకు చేతగాకపోతె నా పని అయిపోనట్టే."

"నాకియ్యి అక్కా, నేను విప్పుత," అని నరహరి చెయ్యి చాపాడు.

"జరుగు. నా ఇల్లు నేనే విప్పుకుంట, నేనే బిగించుకుంట."

నాలుగు బోల్టులు ఊడాయి. తడక దిగింది, మళ్లీ ఎక్కింది. ఆఖరి బోల్టును బాలవ్వ రెండు చేతులతో, పళ్లు బిగబట్టి తిప్పింది. శైలజ వేళ్లతో ఒక్కొక్కటీ పట్టి చూసింది. ఏదీ కదల్లేదు. పానా బాలవ్వ దగ్గరే వదిలేసి, తన సంచి భుజాన వేసుకుంది.