పిన్ని ధాన్యం, నా రేడియో, బావగారి ఫోను

ముందుగా ప్రమాణం చేస్తున్నాను. ఆదివారం గుడికి వెళ్ళి వచ్చి, బైబిలును బల్ల మీద నా ఎదురుగానే పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి ఇందులో ప్రతి మాటా నిజం. తెనాలిలో నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారని నాకు తెలుసు. నవ్వుకోనివ్వండి, చదవడం మాత్రం ఆపవద్దని మనవి.

సంగతేమిటంటే, బాపట్లలో ఉండే మా అల్లుడు మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు నా చేతికి ఒక కొత్త ఫోను ఇచ్చి, నా పాత బటన్ల ఫోనునూ, దానికంటే పాతదైన ట్రాన్సిస్టరునూ ఒక సంచిలో వేసి మూతి కట్టాడు. అతను చాలా మర్యాదస్తుడు, నా ఎదుట గట్టిగా దగ్గను కూడా దగ్గడు, అందుకే ఆ సంచి కట్టడం కూడా ఎంతో వినయంగా కట్టాడు.

"కోప్పడకండి మామయ్యగారూ. ఈ రేడియో ఇప్పుడు ఇంట్లో దేనికి పనికొస్తుందో ఒక్క ఉపయోగం చెప్పండి, నేనే తీసి తుడిచి మళ్ళీ అక్కడ పెడతాను" అన్నాడు.

ఒక్క ఉపయోగమా! మన ఈడువాళ్ళను అడగవలసిన ప్రశ్నేనా ఇది?

కొత్త వస్తువుల మీద నాకు పగ ఏమీ లేదు. కిందటి క్రిస్మస్‌కి ఇతనే కొనిచ్చిన స్మార్ట్ వాచీని మనస్ఫూర్తిగానే కట్టుకుని తిరిగాను. అది నా అడుగులు లెక్కపెట్టింది, గుండె కొట్టుకోవడం లెక్కపెట్టింది, నాకు నిద్ర పట్టిందో లేదో నాకంటే ముందు అదే చెప్పింది, అంతవరకూ సర్దుకుపోయాను. కానీ ఒక ఆదివారం ప్రసంగం కాస్త పొడుగైనప్పుడు, చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నావు, ఇక లేవవయ్యా అన్నట్టు మణికట్టు మీద బుర్రుబుర్రుమంది. చెప్పిన మాట వినే స్వభావం కొద్దీ లేచి నిలబడ్డాను. మా గుడిలో అలా మధ్యలో ఎవరైనా లేచారంటే దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పబోతున్నారని అర్థం. పాస్టరుగారు సంతోషించి మైకు నా దగ్గరికి పంపించారు. అంతమంది చూస్తుండగా ఊరికే కూర్చుంటే పరువు పోతుంది గనుక, కొర్రమీను ముల్లు గొంతులో దిగినప్పుడు దేవుడు నన్నెలా కాపాడాడో అప్పటికప్పుడు కల్పించి, అనగా జ్ఞాపకం చేసుకుని, చెప్పేశాను. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్ళు ఒత్తుకుంది. మా ఆవిడ మాత్రం బైబిలు మొహానికి అడ్డం పెట్టుకుంది. వాచీ వల్ల నాకు కలిగిన ఉపయోగం అదీ.

బటన్ల ఫోను అలాంటి పెంకి వస్తువు కాదు. ఒకసారి ఛార్జింగు పెడితే ఆ సంగతే మరచిపోవచ్చు. కొమ్మమూరు కాలువ దాటుతూ ఒకసారి నీళ్ళలో జారవిడిస్తే, మర్నాడు ఎవరో వల వేసినప్పుడు చేపలతో పాటు పైకి వచ్చి, తుండుగుడ్డతో తుడవగానే మోగింది. ఎత్తి చూస్తే మా ఆవిడే, పెరుగు తెమ్మని. ప్రమాణం చేసి చెబుతున్నాను కదండీ.

ఇక రేడియో. చదువు ముగించి రేపల్లెలో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేరిన కొత్తలో, తొలి జీతంతో మా అమ్మకు చీర తీసి, మిగిలినదాంతో ఆ ట్రాన్సిస్టరు కొన్నాను. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే పాసింజరు బండిలో దానిని కిటికీ అంచున నిలబెట్టి పాటలు పెడితే, పెట్టెలో ఉన్న పాలవాళ్ళూ, కూరగాయల వాళ్ళూ, మేష్టర్లూ అందరూ నా చుట్టూ చేరేవారు, నాకు కూర్చోవడానికి చోటు ఎప్పుడూ ఉండేది. అక్కడ నాకు పట్టుబడిన విద్య ఒకటుంది. మేఘం కంటికి కనపడకపోయినా, దూరాన ఎక్కడో మెరుపు మెరిసినప్పుడల్లా పాట మధ్యలో రేడియో గరగరమంటుంది. ఆ గరగర దగ్గర దగ్గరగా వస్తోందంటే వాన మన వైపు వస్తోందన్నమాట. పాట పాడైపోతోందని అందరూ విసుక్కుంటుంటే నేను మాత్రం గొడుగు తీసేవాణ్ణి. ఇందులో నా గొప్పేమీ లేదు, మన తరంలో రేడియో విన్నవాళ్ళు సగం మందికి ఈ సంగతి తెలుసు, అల్లుళ్ళకే తెలియదు.

టచ్ ఫోన్లు మన వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, ఒక ఏడాది కోతల కాలంలో చెరుకుపల్లిలో మా పిన్ని ఇంటికి వెళ్ళాను. బాబాయి పోయాక ఆవిడే వ్యవసాయం చూసుకునేది. సొంత చేను కాదు, కౌలు. అంతకు ముందటి పంట తుఫానులో కొట్టుకుపోతే, ఈసారి కూడా ధాన్యం తడిసి మొలకెత్తిందంటే చేను ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆసామి నిర్మొహమాటంగా చెప్పేశాడట. ఆ చేను పోతే పిన్నికి ఆ ఊళ్ళో చేసుకునే పని లేదు, పని లేకుండా కూర్చునే మనిషీ కాదు. ఆవిడ ధాన్యమంతా రోడ్డు పక్కన బంగారపు చాపలా ఆరబోసి ఉంది. ఇంకొక్క ఎండ తగిలితే మిల్లుకు పంపవచ్చు.

ఆ రోడ్డు మీద వాళ్ళకొక పద్ధతి ఉండేది. నాలుగైదు కుటుంబాల వాళ్ళు కలిసి ధాన్యం మీద కప్పే టార్పాలిన్ పట్టాలు కొనుక్కున్నారు గానీ అవి అందరి రాశులకూ చాలవు. అందుకని సాయంత్రం టీ తాగే వేళకు ఎవరికి కావాలో ఎవరికి వద్దో చెప్పెయ్యాలి. వద్దన్నవాళ్ళ వంతు పక్క రైతుకు వెళ్ళిపోతుంది, వెళ్ళిన పట్టాను మళ్ళీ తిరిగి అడగకూడదు. పట్టా తీసుకుని రాశి పోసి కప్పితే వాన భయం ఉండదు, కానీ కాస్త పచ్చిగా ఉన్న ధాన్యం లోపల ఉడికి రంగు మారుతుంది. రెంటికీ భయమే.

ఆ రోజే మా చెల్లెలు, అంటే పిన్ని కూతురు, భర్తతో హైదరాబాదు నుంచి వచ్చింది. మా బావగారి చేతిలో అరచెయ్యంత ఫోను. దాని మీద పచ్చగా నవ్వుతున్న సూర్యుడు. ఆకాశమూ దానికి తగ్గట్టే కడిగిన పళ్ళెంలా ఉంది. నేను కల్వర్టు గట్టు మీద పెట్టిన రేడియో మాత్రం గరగరమంటోంది.

"చూడండి బావగారూ, రేపూ ఎండే, ఎల్లుండీ ఎండే. ఇది పైనుంచి ఉపగ్రహం చూసి చెబుతుందండి. మీ రేడియో ఎక్కడి నుంచి చూస్తుందంటారు?"

"అది చూడదండి, వింటుంది."

"అన్నయ్యా, దానికి జలుబు చేసింది. కాస్త ఆవిరి పట్టించు" అని మా చెల్లెలు పక్కకు తిరిగి నవ్వింది.

పక్క రైతు అప్పటికే పట్టా అంచు పట్టుకుని నిలబడ్డాడు. "ఏంటమ్మా, కావాలా వద్దా? తేల్చి చెబితే నేను కప్పుకుంటా, పొద్దు వాలిపోతోంది."

అందరూ ఫోను వైపే. నేనొక్కణ్ణే ధాన్యం లాగే చెక్క పట్టుకుని, ఆరబోసినదంతా ఒక దగ్గరికి లాగడం మొదలుపెట్టాను. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. అప్పుడు పిన్ని గట్టు దగ్గరికి వెళ్ళి, రేడియోను పసిపిల్లలా ఎత్తుకుని, చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుని విన్నది. విని, "ఆ ఫోను ఊరికే చెబుతోంది. ఇది భయపడుతోంది. పట్టాలు ఇటే వెయ్యండి" అన్నది.

బావగారు కూడా చొక్కా విప్పి పనిలోకి దిగారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. మసక చీకట్లో తాళ్ళు కట్టేటప్పుడు వెలుతురు కావలసివస్తే ఆయన ఫోను చచ్చి ఊరుకుంది, నా బటన్ల ఫోను లైటే దిక్కయింది. చివరి రాయి పెడుతుండగా తూర్పున మెరిసింది, ఆ వెనకే కుండపోత. అంతా పిన్ని ఇంటి పంచలోకి పరుగెత్తి, ఆయన ఫోనుకు ఛార్జింగు పెట్టి చూస్తే, దాని మీద సూర్యుడు అలాగే నవ్వుతున్నాడు. పైన చిన్న అక్షరాలతో ఊరి పేరు ఉంది, కూకట్‌పల్లి. తన ఇల్లున్న చోటుకే అమర్చి ఉంచారు మహానుభావుడు.

"మా ఇంటి దగ్గర మాత్రం ఎండేనండి బావగారూ" అన్నారు, తల తుడుచుకుంటూ. పిన్ని నవ్విన నవ్వు ఆ వానలో పక్కింటికి వినపడింది. ధాన్యం చెక్కుచెదరలేదు. చేను పిన్నికే ఉండిపోయింది, ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆవిడే చేసింది.

ఇదంతా విని మా అల్లుడు సంచి మూతి విప్పి, రేడియో బయటికి తీసి, తువ్వాలుతో తుడిచి అలమరలో పెట్టాడు.  ఇంకేమీ అడగనివ్వలేదు నేను.

ఇక, ఎదురుగా ఆ గ్రంథం ఉంది గనుక, ఒప్పుకోక తప్పదు. కాలువలో పడిన ఫోను సంగతి మీరు ఎలాగూ నమ్మి ఉండరు, దాన్ని వదిలెయ్యండి. నేను నిజంగా కల్పించినది, పిన్ని రేడియో వినడం. రేడియో గరగరమన్నది నిజం, వాన నిజం, కూకట్‌పల్లి నిజం. కానీ పిన్ని ఆ రేడియోను ముట్టుకోలేదు. అప్పటికే ఆవిడకు చెవులు మందం, ఆ గరగర ఆవిడకు వినపడనే లేదు. ధాన్యం లాగుతున్న నా ఎదుటికి వచ్చి నిలబడి, నా మొహం వంక కాసేపు చూసి, బావగారితో అన్నది ఇదీ: "వీడు చిన్నప్పటి నుంచీ అబద్ధాలకోరేనయ్యా. కానీ అబద్ధం చెప్పేటప్పుడు నవ్వుతాడు. ఇప్పుడు నవ్వట్లేదు. పట్టాలు ఇటు వెయ్యమనండి."

ఈ మాట మా అల్లుడికి చెబితే రేడియో సంచిలోనే ఉండిపోయేది, అందుకే చెప్పలేదు. చెప్పనందుకు చింతించడమూ లేదు.

పిన్ని పోయి నాలుగేళ్ళు దాటింది. ఇప్పుడు ఆ రోడ్డు మీద ప్రతి చేతిలోనూ ఫోను ఉంది, ఏ ఊరి వాన ఆ ఊరికే చెబుతోంది, నేను కాదనను, మంచిదే. వానొస్తుందా అని ఒకరినొకరు అడగనక్కర్లేదు. నేను ఏదైనా చెప్పబోతే సగంలోనే తల వంచి ఫోనులో చూసుకుని, కాదంటారు లేదా అవునంటారు. చెప్పేవాడి మొహం ఎలా ఉందో చూసేవాళ్ళు లేరు. ఈ చివరి నాలుగు ముక్కలూ రాసేటప్పుడు నేను నవ్వడం లేదని, పిన్ని ఉంటే, చెప్పేది.