నిచ్చెన కూలి

మొన్న మా ఇంట్లో బాత్రూం నల్లా కారుతోందని కూతురు ఫోన్‌లో ఎవరికో చెబితే, ఒకతను బండి మీద వచ్చి, నేను టార్చిలైటు పట్టుకుని చూపిస్తే అటూ ఇటూ చూసి, సామాను రేపు తెస్తానని చెప్పి, వచ్చి చూసినందుకు రెండు వందలన్నాడు. ఇంకా పానా కూడా బయటికి తీయలేదు. కూతురు మారు మాట్లాడకుండా డబ్బులు ఫోన్‌లోనే కొట్టేసింది. నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు. చూసినందుకు కూలి అనే ఆ ఒక్క మాట కోసం నేను ఊరంతటితో ఎన్నేళ్ళు కొట్లాడానో గుర్తొచ్చి మండింది. పెంకుటింట్లో కాపురం చేసిన నా ఈడువాళ్ళకైతే ఇది అర్థమవుతుందని, నాకు సంతకం మించి రాదు కాబట్టి, మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయిస్తున్నాను.

జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. అప్పట్లో అన్నీ పెంకుటిళ్ళే. అడవిలోంచి కోతులు వచ్చి ఈ కప్పు మీంచి ఆ కప్పు మీదికి దూకుతుంటే పెంకులు నిలిచేవి కావు. మా ఆయన మేస్త్రి. వానలకు ముందు ఆయన పైన ఉంటే నేను ఇంటి లోపల నిలబడి, పొడవాటి కర్రకు చీపురుపుల్ల కట్టి, వెలుతురు కనబడిన సందులోంచి పైకి పొడిచేదాన్ని. పుల్ల కొస ఎక్కడ కదిలితే అక్కడ ఆయన పెంకు సర్దేవాడు. వాన నీళ్ళు కారే చోట సందు ఉండదు, ఎక్కడో దూరిన నీళ్ళు వాసం పట్టుకుని జారి ఇంకెక్కడో పడతాయి, అందుకని ఈ పనికి ఇద్దరు కావాలి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయన జ్వరంతో దవాఖానాకు పోయి మళ్ళీ రాలేదు. నేను హాస్టల్లో వంటకు కుదిరాను. మధ్యాహ్నం అన్నాలైపోయాక సాయంత్రం పొయ్యి వెలిగించేదాకా ఖాళీ. ఆ ఖాళీలో ఆయన నిచ్చెన భుజానేసుకుని ఇళ్ళు బాగుచేయడానికి బయలుదేరాను. పైకెక్కి చూడటం, దిగి లోపలికెళ్ళి చూడటం, మళ్ళీ ఎక్కడం, ఇద్దరి పనీ నేనే.

పని వచ్చు. ధర చెప్పడమే రాదు. ఆయన రోజు కూలికి పోయేవాడు, నాది గంటా రెండు గంటల పని. ఎంతివ్వమంటావని అడిగితే సిగ్గుపడి, మీ ఇష్టం అనేదాన్ని. వాళ్ళ ఇష్టమేమో ఎప్పుడూ పాత చీర మీదికో, నిరుటి చింతకాయ పచ్చడి మీదికో పోయేది. పోనీ పెంకుకు ఇంత అని చెబుదామంటే, నేను పైన ఉన్నంతసేపూ ఇంటామె వాకిట్లో నిలబడి వేళ్ళు మడిచి లెక్కపెట్టేది. గంటసేపు వెతికితే దొరికేది ఒక్క పెంకు. ఆ వెతుకులాటకు పైసా రాదు. బయటినుంచి మగ మేస్త్రి వస్తే అదే పనికి టీ ఇచ్చి, సగం రోజు కూలి ఇచ్చి పంపేవాళ్ళు. మా చర్చి సంఘపెద్ద భార్య అయితే, బిడ్డ పెళ్ళయి వెళ్ళిపోయింది, ఒక్కదానివి నీకేం ఖర్చులుంటాయని, ఏదో మేలు చేస్తున్నట్టు చెప్పింది.

విసిగిపోయి ఒక ఎండాకాలం తెగించి ధర పెట్టాను. నిచ్చెన గోడకు ఆనిస్తే ముప్పై రూపాయలు. ఒక్క పెంకు జరిపినా అంతే, పది సర్దినా అంతే. రోజంతా పడితే మేస్త్రి కూలి. ఎక్కకముందే చెప్పడం. కూలి నీకా, నిచ్చెనకా అని ఊరు ఊరంతా నవ్వింది.

మొదట పేచీ పెట్టింది మా యారాలే, మా బావగారి భార్య. తొలకరికి నాలుగు రోజుల ముందు పిలిస్తే వెళ్ళి, మెడలు పట్టేసేదాకా వెతికి, ఇంటి కొప్పు దగ్గర జారిన పెంకును సర్ది దిగాను.

"ఎన్ని పెంకలే?"

"ఒక్కటే అక్కా."

"ఒక్క పెంక జరిపి ముప్పై రూపాయలా? కోతి ఉత్తగనే జరిపింది గదనే."

"గట్లయితే రేపటి సంది కోతినే పిలుచుకో."

పక్కింటివాళ్ళు నవ్వారు. ఆమెకు రోషం వచ్చింది. "మా మరిది బతికున్నన్ని దినాలు ఇంటోళ్ళ తాన పైస ముట్టలేదు," అంది.

అది నిజమే. ఆయన ముట్టని రోజున గంజి తాగి పడుకున్నది నేను. నిచ్చెన మళ్ళీ ఆనించి, పైకెక్కి, ఆ పెంకును కోతి ఎక్కడ వదిలిందో అక్కడికే జరిపి దిగి వచ్చేశాను.

వాన పడింది. హాస్టల్లో సాంబారు కలుపుతున్నానన్న మాటే గానీ, నా మనసంతా ఆమె బియ్యం గుమ్మి మీదే ఉంది. సరిగ్గా దాని మీదే కారుతుందని నాకు తెలుసు. దిగి వచ్చినప్పటి కోపం అప్పటికి సగం కూడా లేదు. మర్నాడు వాన తెరిపి ఇవ్వగానే ఆమె హాస్టల్ వంటగది వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది, కొంగు తడిసి ఉంది.

"మేస్త్రమ్మా, జర వస్తవా?"

వెటకారంగా అందామనుకుంది. కుదరలేదు. నన్ను ఆ మాటతో పిలిచిన మొదటి మనిషి ఆమే.

వెళ్ళి తడి కప్పు మీద చూసుకుంటూ అడుగులేస్తుంటే, ఒక సందులోంచి చీపురుపుల్ల కొస పైకి వచ్చి వణికింది. నేను అడగలేదు. మా ఆయనతో పని చేసే రోజుల్లో నన్ను చూసి ఉంటుంది. చేత్తో పట్టుకోబోతే అది లోపలికి పోయి ఇంకోచోట లేచింది. "ఆడ కాదక్కా, జర ఎడమకు," అని కప్పు మీంచే అరిచాను. ఆయన పోయాక లోపల ఇంకో మనిషి ఉండగా పని చేయడం అదే మొదలు. దిగాక ఇరవై ఐదు చేతిలో పెట్టి, తక్కిన ఐదూ తన పుల్ల కూలి అంది. ఆ బేరానికి మాత్రం నేను ఎదురు చెప్పలేదు. తర్వాత ఊళ్ళో ఎవరు గీచి గీచి బేరమాడినా, నిచ్చెన ఆనిచ్చినంక మా చెల్లె ఊకోదని నాకంటే ముందు ఆమే కయ్యానికి దిగేది.

ఇప్పుడు అన్నీ స్లాబు ఇళ్ళే. కోతులు వస్తాయి గానీ జరపడానికి వాటికేం దొరకదు. యారాలు పోయి మూడేళ్ళయింది. నిచ్చెన కోసి చిక్కుడు పందిరికి వాడేశాం. ఆ నల్లా అతని రెండు వందలు ఎక్కువని నేననను, చూడటం కూడా పనేనని ఊరితో పోట్లాడింది నేనే కదా. కానీ అతను వచ్చి వెళ్ళినంతసేపూ కూతురు పక్క గదిలోంచి రానేలేదు, ఎవరూ ఎవరితో గొడవపడలేదు, అతని పేరేమిటో మాకెవరికీ తెలియదు. టార్చి పట్టింది నేను కాబట్టి అందులో ఐదు రూపాయలు తగ్గించమని అందామని వాకిట్లోకి వచ్చేసరికి, అతను బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.